వాద్య బృందానికి విల్లు రాయాలనుకుంటున్నాను, సలహా కావాలి

ఫిడేలు_టీచరమ్మ · జనవరి 11, రాత్రి 9:14
అందరికీ నమస్కారం. మాది కడప, ఎర్రముక్కపల్లి వైపు. నాకు 68 ఏళ్లు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మావారు పోయి ఆరేళ్లయింది. ఆయన ఉద్యోగం గుమాస్తాగిరీ, కానీ ఊళ్లో అందరికీ ఫిడేలు మాస్టారే. సాయంత్రం ఆరు కొట్టేసరికి మా ముందు గదిలో చాప పరిచేవాళ్లం. అలా చేరినవాళ్లే ఒక వాద్య బృందం అయ్యారు. నాలుగు ఫిడేళ్లు, రెండు వేణువులు, వీణ, క్లారినెట్, మృదంగం, ఘటం. రథసప్తమికి దేవుని కడపలో, త్యాగరాజ ఆరాధనకు, ఎవరైనా పిలిస్తే పెళ్లిళ్లలో కూడా వాయిస్తారు. ఆయన పోయాక కూడా ఆపలేదు. ఇప్పటికీ మా ఇంట్లోనే సాధన.

నా తర్వాత వీళ్లకు ఏదైనా మిగల్చాలని ఉంది. ఇల్లు నా పేరు మీద ఉంది, అది పిల్లలిద్దరికీ. రాయచోటి రోడ్డు వైపు ఐదు సెంట్ల స్థలం, నా ఎఫ్‌డీ పన్నెండు లక్షల్లో సగం బృందానికి రాద్దామనుకుంటున్నాను. అబ్బాయి అమెరికాలో, అమ్మాయి హైదరాబాద్‌లో. వాళ్లకింకా చెప్పలేదు.

తెల్లకాగితం మీద రాస్తే చెల్లుతుందా? బ్యాంకులో నామినీగా బృందం పేరు పెడితే సరిపోదా?

దోసకారం_కడప · జనవరి 11, రాత్రి 9:31
టీచరమ్మా, టైటిల్ చూసి ఫిడేలుకు కొత్త విల్లు కొంటున్నారనుకున్నా. లోపలికొస్తే ఈ విల్లు!

మా ఇంట్లో చదివి వినిపిస్తే మా నాయన "ఆర్కెస్ట్రాకు ఆస్తి రాయడమేంది, పెళ్లిలో సినిమా పాటలు పాడేవాళ్లకా?" అన్నాడు. మన ఊళ్లో ఆర్కెస్ట్రా అంటే అదే కదా.

స్టాంపుకాగితం · జనవరి 11, రాత్రి 10:20
అమ్మా, నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీరడిగిన రెండు ప్రశ్నలకంటే ముందు నేనడగాల్సినవి నాలుగున్నాయి.

ఆ ఐదు సెంట్లు ఎవరి పేరు మీద ఉన్నాయి? మీవారి పేరు మీదైతే ఆయన విల్లు రాశారా? ఆయన పోయేనాటికి వాళ్లమ్మగారు ఉన్నారా? మీ బృందం రిజిస్టరైందా?

తెల్లకాగితం సంగతి మాత్రం ఇప్పుడే చెప్తాను. చెల్లుతుంది. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, స్టాంపు డ్యూటీ లేదు. మీరు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు అది చూసి మీ ముందు సంతకాలు పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమంటాను, ఎందుకో తర్వాత రాస్తా.

ఫిడేలు_టీచరమ్మ · జనవరి 12, ఉదయం 6:05
స్థలం మావారి పేరు మీదే, ఆయన జీతంతో కొన్నది. విల్లు రాయలేదు. మామగారు ఎప్పుడో పోయారు. అత్తగారు ఆయన తర్వాత ఏడాదికి పోయారు. ఒక ఆడబిడ్డ ఉంది, నంద్యాలలో. బృందం రిజిస్టర్ కాలేదు. పేరు కూడా లేదు, "మాస్టారి బృందం" అంటారంతే.

స్టాంపుకాగితం · జనవరి 12, ఉదయం 8:40
అనుకున్నంతా అయింది. చాలామంది పడే గుంతే ఇది. "ఆయనది, కాబట్టి నాది" అనుకుంటాం.

విల్లు లేకుండా హిందూ మగవాడు పోతే 1956 చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులకు సమానంగా వెళ్తుంది. భార్య, కొడుకు, కూతురు, తల్లి. అంటే ఆయన కన్నుమూసిన రోజునే ఆ స్థలం నాలుగు వాటాలైంది. తర్వాత మీ అత్తగారు కూడా విల్లు లేకుండా పోయారనుకుంటే, ఆమె పావు వంతులో సగం మీ ఆడబిడ్డకు, మిగతా సగం కొడుకు తరఫున మీ పిల్లలిద్దరికి.

కాబట్టి ఐదు సెంట్లలో మీది ఒకటింబావు సెంటు. దానికి మాత్రమే మీరు విల్లు రాయగలరు. మిగతావాళ్లు హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టర్ చేయిస్తే అది వేరే విషయం. ఇల్లు, ఎఫ్‌డీ మీ సంపాదనే గనక వాటి మీద మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది.

ఫిడేలు_టీచరమ్మ · జనవరి 12, ఉదయం 9:02
ముప్పై రెండేళ్లు భిన్నాలు చెప్పాను. ఈ భిన్నం నాకు తట్టలేదు చూడండి.

సీమ_లెక్కలు · జనవరి 12, మధ్యాహ్నం 1:15
అనంతపురం నుంచి ఆడిటర్‌ని. నామినీ సంగతి నేను చెప్తాను.

బ్యాంకు డిపాజిట్‌కు నామినీగా మనిషినే పెట్టాలి, సంఘాన్ని పెట్టనివ్వరు. బృందంలో ఎవరో ఒకరి పేరు పెడదామనుకుంటారేమో, అది ఇంకా ప్రమాదం. నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, యజమాని కాదు. బీమా పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే ఈ మాట చెప్పింది, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్లీ చెప్పింది. నామినీ తీసుకున్నా చివరికి విల్లు ప్రకారం, విల్లు లేకపోతే వారసత్వం ప్రకారం పంచాల్సిందే. ఒక శిష్యుణ్ణి నామినీ చేస్తే, మీ పిల్లలకూ ఆ అబ్బాయికీ మధ్య కోర్టు గొడవ మీరే పెట్టి పోయినట్టవుతుంది.

అసలు అడ్డంకి మాత్రం బృందానిదే. పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, పాన్ లేదు. రేపు మీ ఆరు లక్షలు ఏ ఖాతాలో వేస్తారు? రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే రిజిస్టర్ చేయించుకోవచ్చు. మీకు పది మంది ఉన్నారు. ముందు ఆ పని చేయించండి.

80జీ ఉందా అని కొందరు అడుగుతారు. మీరు పోయాక వచ్చే డబ్బుకు మీకు పన్ను మినహాయింపుతో పనేముంది? విల్లు ద్వారా వచ్చిన దాని మీద తీసుకునేవాళ్లకూ ఆదాయపు పన్ను పడదు. ఎస్టేట్ డ్యూటీ అనే చావు పన్ను 1985లోనే పోయింది.

పులివెందుల_పెద్దాయన · జనవరి 12, మధ్యాహ్నం 3:48
అందరూ చట్టాలు చెప్తున్నారు, నేను న్యాయం చెప్తా. కన్న పిల్లలుండగా బయటోళ్లకు రాయడం ఏం పద్ధతి? పాటలు, వాయిద్యాలు అన్నీ కడుపు నిండినాక. రేపు ఆ పిల్లోళ్లు మీ ఫొటోకు దండైనా వేస్తారా?

ఫిడేలు_టీచరమ్మ · జనవరి 12, సాయంత్రం 5:30
పెద్దాయనా, దండ కోసం కాదు. మావారు పోయిన పదకొండో రోజు ఈ బయటోళ్లే వచ్చి, ఎవరూ అడక్కుండానే చాప పరిచి గంటసేపు వాయించారు. పిల్లలు అప్పటికే విమానం ఎక్కేశారు. అది వాళ్ల తప్పని అనడం లేదు, సెలవు దొరకలేదు.

కర్నూలు_బురుజు · జనవరి 12, రాత్రి 8:19
ఇది నేను రాయకుండా ఉండలేను. మా తాత వీణ వాయించేవాడు. బొబ్బిలి వీణ, ఒకే పనస మానుతో చేసింది. పోయేముందు ఆ వీణ, కొంత డబ్బు మా ఊళ్లో ఒక సంగీత సభకు ఇవ్వమని రాశాడు. సభ పేరు చెప్పను. మా నాన్న అక్షరం తప్పకుండా ఇచ్చేశాడు.

పదేళ్ల తర్వాత ఏదో పని మీద ఆ సభ పాత అధ్యక్షుల ఇంటికి పోయినాను. వరండాలో గోడకు ఆనించి ఉంది వీణ. తంత్రులు లేవు. వీణ కొన మీద చెక్కే యాళి ముఖం, సింహంలా ఉంటుందే, దాని మీద తువ్వాలు ఆరేశారు. మెట్ల మైనం కరిగి ఒక పక్కకు జారింది. డబ్బు సంగతి అడిగితే "వార్షికోత్సవానికి ఖర్చయింది బాబూ" అన్నాడాయన. దొంగతనమని అనలేను. రాసిచ్చిన కాగితంలో "సభకు" అన్న ఒక్క మాటే ఉంది. దేనికి, ఎలా, లెక్క ఎవరు అడగాలి, సభ మూతపడితే ఏం చేయాలి, ఏమీ లేదు. సభ మూతపడింది, వీణ ఆయన వరండాలో ఉండిపోయింది.

టీచరమ్మా, మీ కాగితంలో ఆ నాలుగూ రాయండి.

మృదంగం_శిష్యుడు · జనవరి 12, రాత్రి 9:50
నమస్కారం అమ్మా, నేనే. మీ ఇంట్లో మృదంగం వాయించేవాణ్ణి. ఈ థ్రెడ్ ఎవరో పంపితే చదివాను. మాకు తెలియకుండా ఇంత ఆలోచిస్తున్నారా?

స్థలం మాకెందుకమ్మా? మాకు లేనివి చిన్నవి. కుడివైపు మూత పాడై, దాని మధ్య నల్లగా ఉండే కరణి పగిలితే మార్పించాలి. ఇక్కడ చేసేవాళ్లు దొరకరు, బస్సులో వేసి పంపాలి, వచ్చేదాకా పక్కవాళ్ల మృదంగం అడుక్కోవాలి. పోయిన ఆరాధనకు నా మూత సరిగ్గా ముందురోజు చిరిగింది. ఎడమవైపుకు రవ్వ ముద్ద కలపడానికి మీ వంటింట్లోకి వచ్చాను గుర్తుందా, అప్పుడే చెప్దామనుకుని ఊరుకున్నా. ఫిడేలు తీగలు, వేణువులు, పిల్లలకు బస్సు చార్జీలు. ఏటా ఒక ముప్పై వేలుంటే మేం రాజులం.

సీమ_లెక్కలు · జనవరి 12, రాత్రి 10:26
భలే చెప్పావు తమ్ముడూ, లెక్క సరిగ్గా అక్కడికే వస్తుంది. ఆరు లక్షలు 7 శాతానికి వేస్తే ఏడాదికి 42 వేలు. అందులో 30 వేలు ఖర్చు పెట్టి, 12 వేలు మళ్లీ అసలులో కలపాలి. అలా కలపకపోతే పదిహేనేళ్లకు ఆ 30 వేలతో ఒక మూత కూడా రాదు. "అసలు ముట్టకూడదు, వడ్డీయే వాడాలి" అని విల్లులో రాస్తే దాన్ని కార్పస్ అంటారు. పుస్తకాల్లో విడిగా చూపించాలి, పన్ను చట్టం ఒప్పుకున్న చోట్లే పెట్టుబడి పెట్టాలి.

ఇంకొకటి. "ఆరు లక్షలు" అని అంకె వేయకండి. రేపు ఆసుపత్రి ఖర్చుకు ఎఫ్‌డీ తీస్తే మిగిలేది నాలుగే కావచ్చు. అప్పుడు బృందం మొత్తం పట్టుకుపోతుంది, పిల్లలకు సున్నా. శాతం రాయండి.

ఒహాయో_ప్రొద్దుటూరు · జనవరి 13, ఉదయం 7:11
ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉన్నాను. వారాంతాల్లో ఇక్కడి సింఫనీ హాల్లో సీట్లు చూపించే వాలంటీర్‌ని. దోసకారం వాళ్ల నాయనగారికి చెప్పండి, ఇక్కడ ఆర్కెస్ట్రాకు ఆస్తి రాయడం మామూలు విషయం.

కచేరీ రోజు ఇచ్చే పుస్తకం చివర పేజీల్లో సన్నక్షరాల్లో పేర్లుంటాయి. విల్లులో ఆర్కెస్ట్రాకు ఎంతో కొంత రాశామని బతికుండగానే చెప్పినవాళ్లవి. ఎంత రాశారో ఎవరూ అడగరు. రిటైర్డ్ టీచర్లు, నర్సులు కూడా ఉంటారు. వాళ్లకు సంవత్సరానికోసారి రిహార్సల్ చూడనిస్తారు, కాఫీ పోస్తారు. టికెట్ల డబ్బుతో వంద మంది వాద్యకారుల జీతాలు ఎక్కడా గడవవు. ఇలా పోగైన మూలధనం నుంచి ఏటా నాలుగైదు శాతం తీసి వాడతారు.

చాలామంది విల్లు కూడా ముట్టుకోరు. రిటైర్మెంట్ ఖాతా ఫారంలో, నా తర్వాత ఇంత శాతం ఫలానా ఆర్కెస్ట్రాకు అని రాస్తారు, అంతే. పిల్లలు ఆ ఖాతా తీసుకుంటే దాని మీద ఆదాయపు పన్ను కట్టాలి, ధర్మ సంస్థకు ఆ పన్ను లేదు. అందుకని ఇల్లు పిల్లలకు, ఖాతా సంగీతానికి.

బాస్టన్ సింఫనీని 1881లో పెట్టింది హిగ్గిన్సన్ అనే షావుకారు. ఏటా నష్టం తన జేబులోంచే కట్టేవాడు. జూలియార్డ్ అనే ఆయన బట్టల వ్యాపారి. 1919లో పోతూ సంగీతం కోసం రాసిన డబ్బుతోనే 1924లో న్యూయార్క్‌లో ఆయన పేరిట సంగీత పాఠశాల మొదలైంది. ప్రొద్దుటూరు బట్టల కొట్ల వీధిలో పెరిగినవాణ్ణి, నాకు ఈ రెండో ఆయన కథ ఇష్టం.

ఒక్క విషయంలో మాత్రం కర్నూలు అన్నతో నాకు కొంచెం తేడా. దేనికి వాడాలో రాయాలి, నిజమే. మరీ బిగించి మాత్రం రాయకండి. "మృదంగం మూతలకు మాత్రమే" అని రాస్తే, రేపు మృదంగం వాయించేవాడే లేకపోతే డబ్బు మూలుగుతుంది.

కర్నూలు_బురుజు · జనవరి 13, ఉదయం 8:30
మీ దగ్గర ఆడిట్ ఉంటుంది సార్, వదులుగా రాసినా నడుస్తుంది. మా దగ్గర వదులుగా రాస్తే తువ్వాలు ఆరేస్తారు.

స్టాంపుకాగితం · జనవరి 13, ఉదయం 10:05
ఇద్దరూ నిజమే చెప్తున్నారు. "వాద్యాల కొనుగోలు, మరమ్మతు, విద్యార్థుల సంగీత శిక్షణ, తత్సమాన అవసరాలకు" అంటే సరిపోతుంది. దాని కింద ఇంకో వాక్యం: "నా మరణం నాటికి సదరు సంఘం ఉనికిలో లేనిచో, కడపలో సంగీతం నేర్పే మరో రిజిస్టర్డ్ సంస్థకు, నా కార్యనిర్వాహకుల ఎంపిక మేరకు." కార్యనిర్వాహకులంటే విల్లును అమలు చేసేవాళ్లు. సంస్థ మూతపడితే ఏం చేయాలో రాయకపోవడం వల్లే కర్నూలు వీణ వరండాలో చిక్కుకుంది.

పాత శాసనాల్లో దానాలకు "ఆచంద్రార్కం" అని రాసేవారు, చంద్రుడూ సూర్యుడూ ఉన్నంతవరకు అని. తాళ్లపాక వారు తిరుమల స్వామికి చేసిన దానాల శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఏ నైవేద్యానికి ఎంత, ప్రసాదంలో ఎవరికెంత అని కొలతలతో సహా చెక్కించారు. ఆ పద్ధతి మనం మరిచిపోయాం.

రిజిస్ట్రేషన్ ఎందుకన్నానంటే, బయటివాళ్లకు రాసిన విల్లు మీదే "అది అమ్మ సంతకం కాదు, మతి లేనప్పుడు రాయించారు" అనే కేసులు వస్తాయి. సబ్ రిజిస్ట్రార్ ముందు మీరే కూర్చుని వేలిముద్ర వేస్తే ఆ మాట అనడం కష్టం. అదే వారంలో డాక్టరు సర్టిఫికెట్ ఒకటి జత చేయండి. సాక్షులు మీకంటే చిన్నవాళ్లయి ఉండాలి. బృందం వాళ్లను సాక్షులుగా పెట్టొద్దు, అనుమానానికి చోటివ్వడమే. ఎవరూ చూడకూడదనుకుంటే సీలు కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచే పద్ధతీ ఉంది. మన వైపు ప్రొబేట్, అంటే విల్లుకు కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరి కాదు. బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. దానపత్రమైతే అలా కాదు, ఇప్పుడే చేయి దాటిపోతుంది.

బాషా_ఏడురోడ్లు · జనవరి 13, సాయంత్రం 6:45
సలాం. టీచరమ్మ బృందంలో క్లారినెట్ నాదే. ఉగాదికి దేవుని కడప గుళ్లో మావాళ్లు కాయ కొట్టేది అందరికీ తెలుసు. రథసప్తమికి నేను అక్కడ వాయించేది కొందరికే తెలుసు.

ఈ థ్రెడ్ చూసి మా పెద్దమ్మ కూడా "మీ బృందానికి నేనూ రాస్తా" అంటోంది. మాకు ఈ లెక్కలే వర్తిస్తాయా సార్?

స్టాంపుకాగితం · జనవరి 13, సాయంత్రం 7:20
లేదు భాయ్. మీకు అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతు వరకే వసీయత్, అంటే విల్లు, చెల్లుతుంది. అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి. బతికుండగానే ఇచ్చే హిబాకు ఆ హద్దు లేదు, కానీ ఇస్తున్నానని చెప్పాలి, వాళ్లు పుచ్చుకోవాలి, వస్తువు నిజంగా చేతికి అప్పగించాలి.

క్రైస్తవ మిత్రులు ఎవరైనా అడిగేలోపు చెప్తున్నా, ధర్మానికి రాసేటప్పుడు వాళ్లకు మాత్రమే ఉన్న పాత ఆంక్షను సుప్రీంకోర్టు 2003లో కొట్టేసింది.

దోసకారం_కడప · జనవరి 13, రాత్రి 9:00
టీచరమ్మా, ఇంతమంది ఇంత చెప్పారు. ఇంట్లో చెప్పారా లేదా?

ఫిడేలు_టీచరమ్మ · జనవరి 13, రాత్రి 9:40
లేదు నాయనా. దానికే టెన్షన్.

ఫిడేలు_టీచరమ్మ · ఫిబ్రవరి 9, రాత్రి 8:15
నెల కావస్తోంది, ఏమైందో రాయడం మర్యాద.

ముందు నంద్యాల ఆడబిడ్డకు ఫోన్ చేశాను. "వదినా, నాకు అందులో భాగముందని నాకే తెలీదు" అని నవ్వింది. తర్వాత "ఎంతొస్తుంది?" అంది. తప్పేముంది.

అబ్బాయి సరేనన్నాడు. తనూ అక్కణ్ణుంచి డబ్బు పంపుతానన్నాడు. సీమ_లెక్కలు గారికి ఫోన్ చేస్తే, వాడు అమెరికా పౌరుడు కాబట్టి వాడి డబ్బు విదేశీ విరాళం కింద లెక్క, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా సంఘం తీసుకోకూడదన్నారు. ఇక్కడి పౌరసత్వం ఉన్న ఎన్నారై అయితే ఆ బాధ లేదట. అందుకని వాడు నాకే ఒక ఫ్రిజ్ కొనిచ్చాడు.

అమ్మాయి మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. నేను ఆస్తి గురించేననుకున్నాను. చివరికి అంది, "ఆరు కొడితే ఆ గది మాది కాదమ్మా. పదో తరగతి పరీక్షలకు నేను వంటింట్లో, గ్యాస్ బండ పక్కన కూర్చుని చదివాను. నాన్న ఒక్కసారి కూడా చాప ఎత్తేయలేదు." నేను ఏమీ అనలేకపోయాను. నిజమే, ఆ ఏడాది కూడా సాధన ఆగలేదు. గ్యాస్ బండ మీద దాని లెక్కల పుస్తకం పెట్టుకునేది, అట్ట వెనక నూనె మరక ఇంకా ఉంది.

రెండు రోజులయ్యాక అదే ఫోన్ చేసి, "స్థలం వద్దు, అది అందరం పంచుకుందాం. డబ్బులో పావు వంతు రాయి. సగం వద్దు" అంది. నేను సరేనన్నాను. కార్యనిర్వాహకురాలిగా దాని పేరే పెట్టాను. లెక్క అడిగే మనిషి గట్టిదిగా ఉండాలి కదా కర్నూలు బాబూ.

రిజిస్ట్రేషన్ పోయిన గురువారం అయింది. డాక్టరు సర్టిఫికెట్, వీధిలో ఇద్దరు కుర్రాళ్లు సాక్షులు. మొత్తం గంటన్నర పట్టింది, అందులో గంట కరెంటు లేక.

బాషా_ఏడురోడ్లు · ఫిబ్రవరి 9, రాత్రి 8:50
సొసైటీ కాగితాలు కూడా పెట్టేశాం. సంతకాలు ఒక్కరోజులో అయ్యాయి, పేరు కుదరడానికి పదకొండు రోజులు. ఒకరు ఆర్కెస్ట్రా అంటారు, ఒకరు వాద్య బృందం అంటారు. చివరికి వాద్య బృందమే. ఆర్కెస్ట్రా అంటే పెళ్లి పాటలకు ఫోన్లొస్తాయని భయం.

పులివెందుల_పెద్దాయన · ఫిబ్రవరి 9, రాత్రి 9:12
పావు వంతంటే సరే. ఆ పాప మాట విన్నారు, మంచిది. రథసప్తమికి వచ్చినప్పుడు విన్నా మీవాళ్లను, బాగానే వాయించినారు.

మృదంగం_శిష్యుడు · ఫిబ్రవరి 9, రాత్రి 9:30
అమ్మా, మరి మాస్టారి ఫిడేలు? విల్లులో దాని ఊసే లేదు.

ఫిడేలు_టీచరమ్మ · ఫిబ్రవరి 9, రాత్రి 9:58
అది విల్లులో పెట్టలేదు. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకత్తి వస్తుంది కదా, అరువు ఫిడేలుతో, నిన్ననే దానికి ఇచ్చేశాను. పెట్టె తెరిస్తే ఆయన కమానుకు రుద్దే రాజనం ముక్క అలాగే ఉంది, కానీ కమాను వెంట్రుకలు సగం తెగి వేలాడుతున్నాయి. ఆరేళ్లు తీయలేదు గదా, పురుగు కొట్టేసింది. కడపలో వెంట్రుకలు మార్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా, మద్రాసు పంపాల్సిందేనా?

దోసకారం_కడప · ఫిబ్రవరి 9, రాత్రి 10:03
చూశారా, మొదటి రోజే అన్నా. చివరికి ఆ విల్లు దగ్గరికే వచ్చాం.

మృదంగం_శిష్యుడు · ఫిబ్రవరి 9, రాత్రి 10:07
శనివారం మూత పని మీద నేను మద్రాసు పోతున్నానమ్మా. మర వదులు చేసి, పాత పంచెలో చుట్టి పెట్టండి. శుక్రవారం వచ్చి తీసుకుంటా.

ఫిడేలు_టీచరమ్మ · ఫిబ్రవరి 9, రాత్రి 10:10
సరే. ఆరుకు ముందే రా. ఆరుకు చాప పరుస్తారు.